వంక దాకా వినపడే సెట్టు

నా ఎడమ చెవి పనిచేయదు. ఈ సంగతి మొదట్లోనే చెప్పేస్తే, తర్వాత నేను పాటల తియ్యదనం గురించి మాట్లాడేటప్పుడు నవ్వాలో వద్దో మీరే తేల్చుకోవచ్చు. కడపలో చెవుల డాక్టరు నా తలకు డబ్బాలు తగిలించి, కాగితం మీద రెండు గీతలు గీసి చూపించాడు. కుడి చెవి గీత పాలకొండల్లాగా పైన ఉంది. ఎడమ చెవి గీత ఎండాకాలం పెన్నలాగా అడుగున ఎక్కడో ఇసుకలో పడుకుంది. "ఈ చెవి దగ్గర ఏం జరిగింది?" అని అడిగాడాయన. "హారన్ జరిగింది సార్" అన్నాను. లారీ డ్రైవరుననుకొని జాలిపడ్డాడు. ఆయన జాలి చల్లారకముందే నేను ఇంట్లో రెండు పెట్టెల స్టీరియో పెట్టించుకున్నాను. కుడి పెట్టె నాకు, ఎడమ పెట్టె చుట్టాలకు. మా ఆవిడ రామసుబ్బమ్మ ఆ పెట్టెలను ఒకసారి వేలితో కొట్టి చూసి, "ఒక చెవికి రెండు పెట్టెలేంటికి? రెండోదాంట్లో కందిబ్యాళ్లు పోసుకుంటా, నాకియ్యి" అంది.

ఆ స్టీరియోకు గుండెకాయ మా ఓబులేసు మామది. అంటే మామ వాల్వు ఆంప్లిఫయర్. ఇనుప డబ్బా, ముందర నల్లటి గుండీలు, పైన జల్లెడలాంటి మూత, మూత కింద నాలుగు పెద్ద గాజు వాల్వులు, వాటి పక్కన చిన్న పిల్లల్లాగా మరికొన్ని. మూత తీసేసి ఒక కడప బండ మీద కూర్చోబెట్టాను. స్విచ్చి వేసిన వెంటనే అది పాడదు. ముందు వాల్వుల కడుపులో ఎర్రటి దారంలాంటిది కనపడుతుంది. తర్వాత ఆ దారం నిప్పు అవుతుంది. సంకటి దించిన తర్వాత పొయ్యిలో మిగిలే రంగు అది. అప్పుడు దుమ్ము కాలిన వాసన, వార్నీషు వేడెక్కిన వాసన కలిసి గదిలోకి వస్తాయి. అప్పటికి నా టీ సగం అయిపోతుంది. అప్పుడు ముల్లు రికార్డు మీద పెడితే, పాత కాలపు గాయని పల్లవి ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకోవడం వినపడుతుంది. పాట కంటే ఆ ఊపిరే నాకు ఇష్టం. తబలా మీద అరచేయి ఆనిన చప్పుడు, హార్మోనియం తిత్తిలోకి గాలి పోయే చప్పుడు, ఇవన్నీ ఆ రికార్డుల్లో ముందునుంచీ ఉన్నాయట. ఇన్నేళ్లు వాటిని చెట్టు మీద కూర్చొని విన్నాను కాబట్టి నాకు తెలియలేదు.

చెట్టు సంగతి చెప్పాలి. నేను ఎనిమిదో తరగతిలో బడికి దండం పెట్టి వచ్చేశాను. బడి కూడా నాకు తిరిగి దండం పెట్టింది, రెండోసారి పిలవలేదు. మా అమ్మ నన్ను వేంపల్లెలో ఉన్న తన తమ్ముడు ఓబులేసు దగ్గరికి పంపింది. ఆయనకు మైకు సెట్టు ఉండేది. పెళ్లిళ్లకు, తిరునాళ్లకు, నాటకాలకు, ఎవరైనా లీడరు వస్తే మీటింగులకు చుట్టుపక్కల పల్లెలన్నీ ఆయన్నే పిలిచేవి. నాకు పాటలంటే ప్రాణం. నా గొంతు కూడా బాగుంటుందని నేను అనుకునేవాణ్ని. ఆ మాటే మామతో చెప్పాను. మామ నన్ను పైనుంచి కిందికి చూసి, పాట పాడమనలేదు. పెరట్లో వేపచెట్టు వైపు గడ్డం ఎత్తి చూపించాడు. ఎక్కాను. మళ్లీ గడ్డం దించాడు. దిగాను. అంతే, ఉద్యోగం ఖాయమైంది. ఆయనకు కావలసింది నా గొంతు కాదు, చెవి కాదు, కాళ్లు. హారన్లను చెట్లకు కట్టడం నా పని. పెద్ద ఉమ్మెత్తపూవులాంటి ఆ హారన్ల పక్కనే, కొమ్మ మీద, ఎడమ చెవి అటువైపు పెట్టి కూర్చున్న పుణ్యమే డాక్టరు గీసిన గీత.

మామ ఇంట్లో మాట్లాడేవాడు కాడు. కోపిష్టి కాదు, గర్విష్టి కాదు, ఊరికే మాట్లాడడు. నీళ్లు కావాలంటే చెంబు వంక చూసేవాడు. సంకటి చాలంటే చేయి అడ్డం పెట్టేవాడు, ఇంకా కావాలంటే పెట్టేవాడు కాదు. కారం ఎక్కువైతే కనుబొమ్మలు, ఉప్పు తక్కువైతే మూతి. మా చెన్నమ్మత్త ఇరవై నాలుగు గంటలూ ఆ ముఖాన్నే పంచాంగంలాగా చదువుకుంటూ తిరిగేది. అత్త మాత్రం వాగుడుకాయ. పొయ్యితో మాట్లాడేది, పిల్లితో మాట్లాడేది, రోలుతో మాట్లాడేది. మామ దగ్గరినుంచి జవాబు రాదు కాబట్టి తనే జవాబు కూడా చెప్పుకునేది. "ఏమప్పా, ఈపొద్దు పుంటికూర చెయ్యనా? చెయ్యిమ్మే. సరే చేస్తా." ఇలా సాగేది కాపురం. నేను చేరిన కొత్తలో వాళ్లిద్దరికీ పడదేమో అనుకున్నాను.

సెట్టు ఉండేది నడవలో, వంటింటికీ వీధి గదికీ మధ్య. పెళ్లిళ్లు లేని రోజుల్లో కూడా మామ శుక్రవారం పొద్దున దాన్ని గుడ్డతో తుడిచి, ఊదుకడ్డీ వెలిగించి, కాసేపు వేడిచేసేవాడు. వాడకుండా ఉంచితే లోపలి సరుకు నిద్రపోతుందని ఆయన నమ్మకం. ఆ వేడిని అత్త వృథా పోనిచ్చేది కాదు. చలికాలంలో పాలకు తోడు వేసి గిన్నెను దాని పక్కన పెట్టేది. ఆ పెరుగు కత్తితో కోయొచ్చు. పిల్లి దాని మూత మీద పడుకునేది. నా తడి చొక్కా దాని వెనక ఆరేది. మా ఇంటికొచ్చిన వాళ్లెవరికీ అది పాడే వస్తువని తెలిసే అవకాశం లేదు. ఇప్పుడు నా ఇంట్లో దాని మీద ఈగ వాలినా నేను లేచి వెళ్లి తోలుతున్నాను. మా ఆవిడ ఒకసారి పెరుగు గిన్నె తెచ్చి పెట్టబోతే అరిచాను కూడా. "ఈయప్పకి అది సామి గది" అని గిన్నె తీసుకొని పోయింది.

మైకు సెట్టు వాళ్లందరూ పని మొదలుపెట్టే ముందు "హలో, హలో" అని అరిచి సరిచూసుకుంటారు. మా మామ పద్ధతి వేరు. మా సీమలో పెళ్లి చేసేవాడు మైకు పెట్టించేది తన ఊరి కోసం కాదు. తన ఊళ్లో వాళ్లు ఎటూ వస్తారు, తింటారు. పక్క ఊరికి వినపడాలి. ఏ పక్క ఊరికి అన్నది పెళ్లిపెద్ద ముందే చెప్తాడు. "ఓబులేసా, హారన్ మూతి ఆ తట్టుకి కట్టిచ్చు. వాళ్లకి వినపడల్ల" అంటాడు. ఎందుకని ఎవరూ అడగరు, కారణం అందరికీ తెలుసు. అందుకని హారన్ కట్టగానే అత్త ఆ తట్టుకు నడవడం మొదలుపెట్టేది. మామ సెట్టు దగ్గర కూర్చొని మైకులో మాట్లాడుతూ ఉండేవాడు. మాట తేటగా వినపడినంత దూరం అత్త నడుస్తుంది. మాట విడిపోయిన చోట ఆగి, ఎర్ర కొంగు పైకెత్తి ఊపుతుంది. చెట్టు మీది నుంచి నేను చూసి, "ఊపింది మామా!" అని కేకేస్తాను. మామ మైకు ఆపేస్తాడు. అదే సెట్టు అందుకునే దూరం. ఏ ఊరికి పోయినా ఊరవతల ఒక వంక, అంటే చిన్న వాగు, ఉంటుంది మా దగ్గర. నీళ్లుండవు గానీ వంక మాత్రం ఉంటుంది. అత్త ఆ వంక దాకా పోయిగానీ కొంగు ఊపేది కాదు. "ఓబులేసు సెట్టంటే వంక దాకా వినపడతాదప్పా" అని పేరు. ఆ పేరు మీదే మాకు అన్నం.

ఇంట్లో చెంబు వంక చూసి నీళ్లడిగే ఆ మనిషి మైకు ముందు కూర్చుంటే ఎలా మాట్లాడేవాడో మీకు చెప్తే నమ్మరు. ముందు సెట్టు గుర్‌మనేది. ఆ గురగుర ఒకటి ఉండేది దానికి, వాల్వులు వేడెక్కి మైకు తగిలించగానే. తర్వాత మామ గొంతు. "ఏమ్మే, పోతాండావా? ఎండ శానా ఉండాది, తలకి కొంగు కప్పుకో. ఆ గట్టు కాడ తుమ్మముండ్లు ఉంటాయి, చూసి నడువు. పొయ్యి మీద బ్యాళ్లు దించినావా, అట్లే వచ్చినావా? నిన్న రేత్రి దగ్గుతాంటివి గదా, ఏమన్నా తాగినావా? ఏమ్మే, వినపడతాందా?" ఊరంతా వినేది. అరుగుల మీద ముసలివాళ్లు పళ్లు లేని నోళ్లతో నవ్వేవాళ్లు. పెళ్లికూతురు ముఖానికి పసుపు పూయించుకుంటూ నవ్వేది. అత్త తలెత్తకుండా, ముఖం ముందుకే పెట్టి, శెనక్కాయ చేల మధ్య నడుచుకుంటూ పోయేది. మామకు అంతమంది వింటున్నారన్న ధ్యాసే ఉండేది కాదు. చెట్టు మీద కూర్చున్న నాకు మాత్రం సిగ్గేసేది. పెళ్లి కాని వయసు, అన్నింటికీ సిగ్గేసేది.

నా ప్రతిభ గురించి కూడా ఒక ముక్క. ఒకసారి ఒక పల్లెలో పెళ్లి. పెళ్లిపెద్ద కుడి తట్టు ఊరికి వినపడాలన్నాడు. నేను చింతచెట్టెక్కి, కొమ్మను కావలించుకొని, ముఖం మొద్దు వైపు పెట్టుకొని, నా కుడికి హారన్ కట్టాను. నా ముఖం తిరిగి ఉన్నప్పుడు నా కుడి కూడా తిరిగి ఉంటుందన్న పాఠం బహుశా తొమ్మిదో తరగతిలో ఉంటుంది. అత్త పెళ్లిపెద్ద చెప్పిన తట్టుకే నడిచింది. కొద్ది దూరం పోయి, కొంగు కాదు, రెండు చేతులూ ఊపుతూ వెనక్కి వచ్చింది. చెట్టు కింద నిలబడి నడుము మీద చేతులు పెట్టి, "ఒరే అబ్బీ, నువ్వు కట్టిన తట్టు ఏముండాదో ఎరుకా? కొండ. మేకలు మేస్తాండాయి. వాటికి పాడతాండావా?" అంది. తిప్పి కట్టేలోగా మేళం మొదలైంది, నన్ను చెట్టెక్కనివ్వలేదు. పొద్దంతా మామ సెట్టు కొండకే పాడింది. మధ్యలో పెళ్లిపెద్ద మైకు తీసుకొని, "అందరూ భోజనాలకి రావల్లని కోరుతాండాం" అన్నాడు. పంక్తి లేచే వేళకు కొండ మీదినుంచి మేకలవాడు మందతో సహా దిగి వచ్చాడు. "పొద్దున్నుంచి పిలుస్తానే ఉండారు, రాకుంటే బాగుండదు గదాని వచ్చినా" అన్నాడు. పెళ్లిపెద్ద నా వంక, మేకల వంక చూసి, ఏమనుకున్నాడో, అతన్ని కూర్చోబెట్టి ఓళిగలు వడ్డించాడు. మేకలు పందిరికి కట్టిన మామిడాకులు తిన్నాయి. మామ నన్ను ఒక్క మాట అనలేదు. ఇంట్లో అనడు కదా. మరుసటి పెళ్లిలో అత్తను పంపుతూ మైకులోనే అన్నాడు: "ఏమ్మే, చూసి చెప్పు, మన అబ్బి ఈసారి మనుషులకే కట్టినాడా?" పల్లె పల్లెకూ ఆ కథ చేరింది. తర్వాత చాలా ఏళ్లు పెళ్లిళ్లలో నన్ను చూసి మేకలాగా అరిచేవాళ్లు.

తర్వాత ట్రాన్సిస్టరు సెట్లు వచ్చాయి, వేడెక్కకుండానే అరిచేవి. మామ సెట్టును ఎవరూ పిలవలేదు. ఆయన దాన్ని గోనెపట్టాలో చుట్టి అటకెక్కించాడు. కొన్నేళ్లకు ఆయన కూడా పోయాడు. నేను కడప చేరి ఆటోలో కూర్చొని సినిమాలకూ సరుకులకూ ప్రచారం చెప్పి బతికాను. గొంతు బాగుందని చివరికి ఒక ఆటోవాడు ఒప్పుకున్నాడు. మొన్న వేసవిలో చెన్నమ్మత్త ఫోన్ చేసింది. వేంపల్లెలో మట్టి మిద్దె పడగొట్టి స్లాబు వేయిస్తున్నదట. "అటక మీద మీ మామది ఉండాది. పాత ఇనుమోడు వచ్చి ఎత్తి చూసి పోయినాడు. డోన్‌లో మా మనవడు హోటల్ పెట్టినాడు గదా, వాడు షోకేసులో పెట్టుకుంటానంటాండాడు. నువ్వొచ్చి చూడు" అంది. వెళ్లాను. గోనెపట్టా విప్పితే ఎలుకలు లోపల కాపురం చేసి ఖాళీ చేసి పోయాయి. వాల్వులు మాత్రం చెక్కుచెదరలేదు. నాకిమ్మని అడిగాను. అత్త వెంటనే ఇవ్వలేదు. "తీసుకొని పో. బాగు చేపిచ్చు. నేనొచ్చి వింటా. మీ మామది మీ మామది మాదిరే ఉంటే నీది. లేకుంటే డోన్‌కి పంపిస్తా, షోకేసులో అన్నా కుదురుగా ఉంటాది" అంది. నవ్వుతూ అనలేదు. నేను జోకు వేయబోయి ఆగాను. నాకది అపూర్వమైన సంగతి.

కర్నూలు పాతబస్తీలో ఖాదర్ భాయ్ అని ఒకాయన ఇంకా వాల్వులు చూస్తాడని తెలిసి, సెట్టును ఒళ్లో పెట్టుకొని బస్సెక్కాను. పక్క సీటు ఆయన మైదుకూరు నుంచి నంద్యాల దాకా దాన్ని చూసి చూసి, "ఏమప్పా, ఇన్వర్టరా?" అన్నాడు. "మా మామప్పా" అన్నాను. కిటికీ వైపు జరిగి కూర్చున్నాడు. ఖాదర్ భాయ్ మనిషి మంచివాడే గానీ, సగం పని నోటితోనే చేస్తాడు. ఎండిపోయిన కండెన్సర్లు పీకుతూ ప్రతి దానికీ ఒక సంతాప ప్రసంగం చేశాడు. వచ్చే జుమ్మా అన్నాడు, ఆ పైది అన్నాడు, చివరికి రంజాను తర్వాత అన్నాడు. నాలుగు వాల్వుల్లో రెండు కుడి పెట్టెకి, రెండు ఎడమ పెట్టెకి పాడేటట్టు కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టాడు. నేను రెండే కోరికలు కోరాను. ఆ మైకు తగిలించే రంధ్రం మూసేయమన్నాను, ఇంట్లో దానితో పనేముంది? "అది మూస్తే మొగంలో నోరు కుట్టినట్లుంటాది భాయ్, ఉండనీ" అన్నాడు. రెండోది, ఆ గురగుర ఉండకూడదన్నాను. పెట్టెకు చెవి ఆనించి విన్నా గుర్‌మనకూడదు. నా చెవి సంగతి అప్పటికే విని ఉన్న ఖాదర్ భాయ్ తల పైకెత్తి, "యే చెవి ఆనిస్తావు భాయ్?" అని అడిగాడు. డాక్టరు దగ్గర నవ్వలేకపోయింది అక్కడ నవ్వాను.

అత్త ఒక ఆదివారం పొద్దున వేంపల్లె బస్సు దిగి వచ్చింది. చేతిలో గుడ్డ సంచి. సంచిలో శెనక్కాయ ఉండలు, పాత తువ్వాలు చుట్టిన ఇంకేదో మూట. నేను ముందురోజే గది కడిగించాను. రెండు పెట్టెల మధ్యకు సరిగ్గా వచ్చేటట్టు ఒక కుర్చీ వేశాను. స్టీరియో వినేవాళ్లు అక్కడే కూర్చోవాలి, ఇటు జరిగితే సగం పోతుంది, అటు జరిగితే సగం పోతుంది. "ఈ కుర్చీలోనే కూచ్చోవల్ల అత్తా, కదలగూడదు" అన్నాను. "ఏంటికిరా, పన్ను పీకుతావా?" అని కూర్చుంది. పక్కింట్లో రిటైరైన తాసిల్దారు ఉంటాడు, ఆయనకు చప్పుడు పడదు. అందుకని కిటికీలన్నీ మూశాను. స్విచ్చి వేశాను. వాల్వులు ఎర్రబడ్డాయి. అత్త వాటి వంక చూస్తూ చేయి చాచి, కొంచెం దూరంలోనే, పెరుగు గిన్నె పెట్టే చోట వేడి చూసుకుంది. మామకు ఇష్టమైన రికార్డు పెట్టాను. ఆ గాయని ఊపిరి తీసుకుంది. పాడింది. నేను పాట వినలేదు, అత్త ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఎవరో దూరపు చుట్టాల పెళ్లికి వచ్చి పంక్తి కోసం ఎదురుచూసే మనిషిలాగా కూర్చుంది.

పాట అయిపోయింది. "ఎట్లుండాది అత్తా? ఆయమ్మ చెవి కాడికొచ్చి పాడినట్లు లేదూ?" అన్నాను.

"బాగుండాది. బంగారట్ల పాడతాంది" అంది. పెట్టెల వంక చూసింది. "పాట ముందర గుర్‌మంటాంటి గదా, అదేమైపాయ?"

"తీపిచ్చేసినా అత్తా. దానికే శానా కష్టపడినాడు కర్నూల్లో."

"ఏంటికి తీపిస్తివి? అది గుర్‌మంటేనే గదా మీ మామ మాట్లాడతాడని తెలిసేది."

మా ఆవిడ కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి నా వంక చూసింది. నోరు తెరిచి ఏమీ అనలేకపోయిన మొగుణ్ని ఆమె అప్పటిదాకా చూసి ఉండదు. అత్త కుర్చీలోంచి లేచింది. సెట్టు ముందర వంగి గుండీలు చూసింది, పక్కన మైకు రంధ్రం చూసింది. "ఇది ఉంచినావే, మేలు" అంది. ఖాదర్ భాయ్ ఉంచాడని చెప్పబోయి, ఆ ఒక్క మెచ్చుకోలు నాకే ఉంచుకున్నాను. అత్త సంచిలోంచి ఆ మూట తీసి విప్పింది. మామ మైకు. గుండ్రంగా, బరువుగా, గీతలు గీతలుగా, మెరుగు అక్కడక్కడా ఊడి. "నాకు ఈ కుర్చీలో తెలీదురా. నేను నడుస్తా. నువ్వు మాట్లాడు" అని చెప్పులేసుకుంది.

"ఈడ యాడికి పోతావత్తా, ఇది టౌను!"

"ఈడ మాత్రం దావలు లేవా?" అని గేటు తీసింది.

కిటికీలన్నీ తెరిచాను. రెండు పెట్టెలనూ ఎత్తి వీధి వైపు తిప్పాను. ఎన్నో రోజులు బద్ద పెట్టి కొలిచి అమర్చిన కోణాలన్నీ ఆ ఒక్క నిమిషంలో పోయాయి. మా ఆవిడను మిద్దెక్కమన్నాను. "నేనా? ఈ వయసులోనా?" అంటూనే ఎక్కింది. మైకు తీగ రంధ్రంలో దూర్చి గుండీ తిప్పాను. సెట్టు గుర్‌మంది. ఖాదర్ భాయ్ అంత ప్రసంగించి పంపించేసిన గురగుర, మామ మైకు తగలగానే తన ఇంటికి తాను వచ్చినట్టు వచ్చి కూర్చుంది. ఏం మాట్లాడాలి? ప్రచారం చెప్పి బతికిన గొంతు, బట్టల సబ్బు గురించైతే అనర్గళంగా చెప్పగలను. చివరికి, "అత్తా, పోతాండావా? ఎండ ఉండాది, కొంగు కప్పుకో. ఆటోలొస్తాయి, ఓరగా నడువు" అన్నాను. నా గొంతు వీధిలోకి పోయి తాసిల్దారు గారి గోడకు కొట్టుకొని తిరిగొచ్చింది. ఆయన బనీనుతో బయటికొచ్చి, "ఏందప్పా ఇది, ఆదివారం పూట?" అన్నాడు. "మా అత్త సార్, అదిగో పోతాంది, వినపడతాందా అని" అన్నాను, అదీ మైకులోనే. ఆయన వీధి వైపు చూశాడు. నీళ్ల ప్లాంటు దాటి, ఎర్రచీర కట్టుకున్న ముసలామె తలెత్తకుండా నడుచుకుంటూ పోతున్నది. ఆయన ఏమనుకున్నాడో, తిట్టడం మానేసి గోడకానుకొని నిలబడ్డాడు. "అత్తా, మోకాళ్లు నొస్తాండాయంటివి గదా, మందు పూస్తాండావా? వినపడతాందా?" అన్నాను. మలుపు దగ్గర అత్త ఆగింది. నాకు కనపడలేదు. మిద్దె మీదినుంచి మా ఆవిడ అరిచింది: "ఊపింది! ఊపిందప్పో!"

నేను వెంటనే మైకు ఆపలేదు. ఎందుకో గుండీ మీద చేయి పెట్టుకొని కాసేపు ఆ గురగురను విన్నాను. ఒకప్పుడు వద్దన్నా పాట మూడూళ్లకు వినపడేది, ఎవరిదో పెళ్లైతే కొండ మీది మేకలవాడికి కూడా పిలుపు అందేది. ఇప్పుడు నేను కిటికీలు మూసుకొని, కొలతలేసిన కుర్చీలో, ఒక చెవితో, ఆ గాయని ఊపిరిని నాకు మాత్రమే వినిపించమంటున్నాను. ఇది మేలా అది మేలా అని నన్నడిగితే, నాకు ఈ కుర్చీ ఇష్టమే, దాన్ని వదలను. కానీ మామ ఆ సెట్టును ఎప్పుడూ ఎదురుగా కూర్చొని వినలేదన్న సంగతి నాకు ఆ పొద్దే తట్టింది. ఆయన ఎప్పుడూ హారన్ వెనకే ఉన్నాడు. దాని ముందు ఉన్నది అత్త ఒక్కతే.

అత్త తిరిగొచ్చి, మెట్టు మీద కూర్చొని, చెంబు ఎత్తి నీళ్లు తాగింది. "ఉంచుకో. మీ మామదే. డోన్‌కి వద్దులే" అంది. నా ఊపిరి నాకే వినపడింది, రెండు చెవులతో. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? "అయితే అత్తా, మామ మాట్లాడితే వంక దాకా పోతాంటివి. నేను మాట్లాడితే మలుపు కాడికే ఊపేసినావు. అంత తేడానా నా సెట్టుకి?" అన్నాను.

అత్త కొంగుతో మూతి తుడుచుకుంది. "సెట్టు తేడా గాదురా. ఆ పొద్దు కూడా గట్టు దాటినంక మాటలు యాడ వస్తాండె? ఉత్త గురగురే. కొంగు ఊపితే మీ మామ మైకు ఆపేస్తాడు గదాని వంక దాకా పోతాంటి."

"మరి నేను మాట్లాడితే?"

"నువ్వు మైకు లేకున్నా మాట్లాడతానే ఉంటావు గదరా!"